కుడి సిర, ఎవరి కర్మ?

పేగులు బొడ్డు పక్కనుంచి బయటికొచ్చిన పసిగుడ్డు పుడితే ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఏ జన్మ పాపమో అనేవాళ్లుంటారు, గ్రహణం నాడు బయట తిరిగిందేమో అని ఆరా తీసేవాళ్లూ ఉంటారు. ఎటు తిరిగినా వేలు బాలింతవైపే.

ఈ లోపం పేరు గ్యాస్ట్రోస్కైసిస్. రంధ్రం దాదాపు ఎప్పుడూ బొడ్డుకు కుడివైపునే ఉంటుంది. కుడివైపే ఎందుకు? పిండంలో మొదట బొడ్డు సిరలు రెండు. కుడిది కరిగిపోతుంది; ఎడమది కాన్పు దాకా మాయ నుంచి రక్తం మోస్తుంది. కుడి సిర వేళ తప్పి కరిగితే అక్కడ పొట్టగోడ బలహీనపడుతుందని 1980లో డివ్రీస్ అనే పరిశోధకుడు ఊహించారు. మరుసటి ఏడాదే హోయ్మ్ బృందం నేరం ధమనిమీద మోపింది. వాదం ఇంకా తెగలేదు. నిక్షేపంగా పుట్టినవాళ్లలోనూ ఆ కుడి సిర కరిగిందన్నది మాత్రం ఖాయం.

అంగవైకల్యాల కారణాలను చరకుడు శారీరస్థానంలో వరుసపెట్టాడు: బీజం, ఆత్మకర్మ, గర్భాశయం, కాలం, తల్లి ఆహారవిహారాలు. ఆ వరుసలో కర్మ ఒకటి, అంతే. ఊరి నోళ్లలో పడేసరికి మిగతావి రాలిపోయి కర్మా, తల్లి తప్పూ మిగిలాయి.

పూర్వజన్మ లెక్కకు మరో చిక్కుంది. 2021లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన 74 దేశాల అధ్యయనం ప్రకారం, ఈ లోపంతో పుట్టినవాళ్లలో సంపన్న దేశాల్లో చనిపోయింది 1.4 శాతం. మధ్యాదాయ దేశాల్లో దాదాపు 32 శాతం. పేద దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది. కర్మ దేశాదాయం చూసి పండుతుందా? పుట్టుకకు అది కారణమైతే కావచ్చు గానీ, చావుబతుకులు తేల్చేవి వెంటిలేటరు, సిరలోకి ఎక్కించే పోషకాలు, ఇన్‌ఫెక్షన్, చలి, ప్రయాణం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. బయటపడ్డ పేగులకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచి చుట్టారా, బిడ్డ ఒళ్లు చల్లబడకుండా చూశారా, ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారా? వీటిని ఏ చిత్రగుప్తుడూ గత జన్మ ఖాతాలో రాయడు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకున్న ఇల్లు స్కానింగ్‌కు వెళ్లకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 2022లో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులకు కడుపులోని బిడ్డ లోపాలను చూపే టిఫా స్కానింగ్ యంత్రాలు వచ్చాయి. ఐదో నెల స్కాన్‌లోనే ఈ లోపం చాలావరకు బయటపడుతుంది. అప్పుడే తెలిస్తే పిల్లల సర్జన్ ఉన్న చోటే కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ 300 కిలోమీటర్లూ బిడ్డ తల్లి కడుపులో ఉండగానే దాటేస్తుంది.