జోలాపుట్టు అందంగా ఉందనవచ్చా?

ఎండలు ముదిరితే మైదానం వాళ్లు కొండలెక్కుతారు. విశాఖపట్నం నుంచి అరకు వచ్చే రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించారు. కిటికీలే కాదు, పైకప్పు కూడా అద్దమే. అందులో కూర్చుని మన చోళ్ల చేలనీ, మన ఇళ్ల వెనక ఆరేసిన బట్టలనీ చూసుకుంటూ పోతారు. చూడనివ్వండి. ఎండకు వేగిపోయిన మనిషి చల్లటి చోటు వెతుక్కోవడం తప్పేమీ కాదు. అయితే వాళ్లు వేసుకునే ప్లాన్లు కొన్ని నా చేతికి వచ్చాయి. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ ఫొటో దిగాలి అన్నీ ఉంటాయి. వంజంగిలో మబ్బులు, అనంతగిరిలో కాఫీ తోటలు, బొర్రాలో గుహలు, తాజంగిలో చెరువు. మనిషి మాత్రం ఉండడు. ఉంటే థింసా ఆడేవాడుగానో, బొంగులో కోడి కాల్చి అమ్మేవాడుగానో ఉంటాడు.

ఇప్పుడు మన పిల్లలు కూడా యాత్ర చెయ్యాలంటున్నారు. డిగ్రీ చదివేవాళ్లు కొందరు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇద్దరు కలిసి మే నెలకు నాలుగు రోజుల ప్లాన్ ఒక కాగితం మీద రాసి నాకు చూపించారు. కొండలో పుట్టినవాడు కొండ చూడ్డానికి డబ్బు పెట్టుకుని పోవడమేమిటని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. మన పెద్దలు తక్కువ తిరగలేదు. సంతకు నడిచారు, చుట్టాల పెళ్లికి రెండు రోజులు నడిచారు, కూలికి ఎంతెంతో దూరం పోయారు. కానీ నెత్తి మీద బరువు లేకుండా, పని ఏదీ లేకుండా, కేవలం చూడ్డానికని నడిచినవాళ్లు తక్కువ. కట్టెల మోపు ఎత్తుకున్న ఆడమనిషి కంటికి కొండ ఎంత ఏటవాలో కనబడుతుంది గానీ ఎంత పచ్చగా ఉందో కనబడదు. ఊరికే కూర్చుని చూసే తీరిక ఒక తరానికైనా దొరికిందంటే నాకు సంతోషమే.

వాళ్ల కాగితంలో నాకు నచ్చినదేమిటంటే, దారిని రోడ్డును బట్టి కాకుండా నీటిని బట్టి వేశారు. పాడేరు పక్కన మత్స్యగుండం దగ్గర మొదలు. అక్కడి నుంచి మత్స్యగెడ్డ వెంట పెదబయలు, ముంచంగిపుట్టు మీదుగా జోలాపుట్టు జలాశయం, ఆ తరవాత డుడుమ జలపాతం. మనం మత్స్యగెడ్డ అనే ఈ నీటికే మ్యాపుల్లో మాచ్‌ఖండ్ అని పేరు. కిందికి పోయాక అదే సీలేరు అవుతుంది. బలిమెల దగ్గర ఒకసారి, డొంకరాయి దగ్గర ఇంకోసారి ఆగి, మోతుగూడెం దాటి, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదారిలో కలుస్తుంది. ఆ కింద పాపికొండలు. అంటే పాడేరు కొండల్లో పిల్లలు కాళ్లు కడుక్కున్న నీళ్లే పాపికొండల మధ్య పడవల కింద పారతాయి. పదో తరగతి దాకా నదుల పాఠం చదువుకున్న పిల్లలకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. కాగితం మీద గీసుకుంటూ వాళ్లే కనిపెట్టారు.

చిక్కు రెండో రోజు దగ్గర వచ్చింది. కాగితంలో "జోలాపుట్టు - సరస్సు అందాలు - సాయంత్రం వరకు" అని రాసి ఉంది.

జోలాపుట్టు సరస్సు కాదు. దేవుడు పెట్టిన నీరు కాదు. గెడ్డకు అడ్డం కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు తయారవడం మొదలైంది. అంతకు ముందే ఆ లోయ ఖాళీ అయింది. ఇటు ఆంధ్ర వైపు, అటు ఒడిశా వైపు వేల కుటుంబాలు లేచిపోయాయి. వాళ్లలో మనవాళ్లే సగానికి తక్కువ కాదు. ఆ రోజుల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. భూమికి పట్టా ఉంటే ఎంతో కొంత డబ్బు ఇచ్చారు. పోడు చేసుకునేవాడికి పట్టా ఎక్కడిది? పునరావాసం ఒక హక్కని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది. అక్కడ పుట్టిన కరెంటు తీగల మీద మైదానానికి పోయింది. ఆ తీగల కిందున్న చాలా ఊళ్లలో కిరసనాయిలు బుడ్డే ఎన్నో ఏళ్లు వెలిగింది.

కాబట్టి ప్రశ్న ఇది. మన చుట్టాల పల్లపు పొలాలూ, ఊరి శంకుదేముడి రాయీ, పూడ్చిపెట్టిన పెద్దలూ కింద ఉన్నారని తెలిసి, పైనున్న నీటిని చూసి "ఎంత బాగుంది!" అనవచ్చా?

నేను ఇది అడిగినప్పుడు ఒక కుర్రాడు కొంచెం విసుగ్గానే జవాబిచ్చాడు. "మాస్టారూ, మనం ఎక్కడికి పోయినా ఏడుపేనా? వాళ్లేమో వచ్చి హాయిగా చూసి పోతారు. మేం మాత్రం ప్రతి చోటా దండం పెట్టి కన్నీళ్లు కార్చాలా? మాకూ సెలవులే కదా."

ఈ మాటను నేను తీసిపారెయ్యను. మన గురించి రాసేవాళ్లు, మన కోసం మీటింగులు పెట్టేవాళ్లు మనల్ని ఎప్పుడూ బాధపడుతూనే ఉంచాలనుకుంటారు. నవ్వుతూ కనబడితే ఆదివాసీ కాదేమో అన్నట్టు చూస్తారు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి నీళ్లలో దిగి అరవాలని ఉంటుంది. అరవనివ్వాలి. దుఃఖాన్ని టికెట్టులాగా చింపి గేటు దగ్గర చేతిలో పెట్టడం నాకూ ఇష్టం లేదు.

ఇంకో సంగతి. ముంచంగిపుట్టు వైపు పనిచేసినప్పుడు ఒక ముసలాయనతో నాకు పరిచయం ఉండేది. ఆ లోయలోంచి లేచి వచ్చినవాళ్లలో ఆయన తండ్రి ఒకడు. ఈయన అప్పటికి ఒళ్లో పిల్లవాడు. ఆ నీటిని చూస్తే ఏమనిపిస్తుందని అడిగాను, ఏదో పెద్ద మాట చెబుతాడని ఎదురుచూస్తూ. "బాగుంటాది బాబూ. పొద్దు గూకినప్పుడు ఇంకా బాగుంటాది. నీళ్లేం జేసినాయి? నీళ్లని ఆపమన్నోళ్లు గదా జేసింది" అన్నాడు. మనవల్ని ఆయనే తీసుకుపోయి ఒడ్డున కూర్చోబెట్టేవాడు. వాళ్ల పాత ఊరు ఎటువైపో చెయ్యి చాపి చూపించేవాడు. ఆ ఒడ్డున వల వేసి బతికేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు అది ఈనాటి చేను.

ఆ జవాబు తరవాత నా ఆలోచన కొంత మారింది. అందం అబద్ధం కాదు. నీరు నిజంగానే నీలంగా ఉంది, కొండ నీడ నిజంగానే దాని మీద పడుతుంది. అబద్ధం ఎక్కడుందంటే "సరస్సు" అనే మాటలో ఉంది. ఆ మాట అనగానే అది ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు, ఎవరూ ఏమీ పోగొట్టుకోనట్టు అయిపోతుంది. ముసలాయన అందాన్నీ చూశాడు, ఊరు ఎటువైపో కూడా చూశాడు. రెండోది తెలియడం వల్ల ఆయనకు మొదటిది తగ్గలేదు. తెలియకపోతేనే నిలిచే సంతోషమైతే, ఎవరో ఒకరు వచ్చి ఒక్క మాట చెప్పగానే అది కూలిపోతుంది. అలాంటిదాని కోసం నాలుగు రోజుల బస్సు ఛార్జీలు దండగ.

వేసవిలో పోవడం ఒక విధంగా మంచిదే. వానాకాలంలో నిండు జలాశయాన్ని చూస్తే అది నిజంగా సరస్సే అనిపిస్తుంది. మే నెలలో నీరు దిగిపోయి చుట్టూ ఎర్రటి మన్ను పట్టీలాగా బయటపడుతుంది. అక్కడ గడ్డి ఉండదు. ఎంత నీరు నిలిచిందో, ఎంత తీసేశారో కొలిచినట్టు కనబడుతుంది. ఫొటోలు తీసేవాళ్లకు ఆ పట్టీ నచ్చదు. మన పిల్లలు మాత్రం దాన్నే ముందు చూడాలని నా కోరిక.

మొదటి రోజు చూసే మత్స్యగుండాన్ని దీని పక్కన పెట్టి ఆలోచించమని చెప్పాను. హుకుంపేట మండలంలోని ఆ గుండంలో చేపల్ని ఎవరూ పట్టరు. దేవుడి చేపలని మొక్కుతారు, మేత వేస్తారు. దాన్ని చూడ్డానికీ జనం వస్తారు, అక్కడా ఫొటోలు తీస్తారు. అయితే అక్కడికి వచ్చినవాడు ఊరివాళ్ల కట్టుబాటుకు లోబడి చూడాలి. ఎవడైనా గాలం తీస్తే ఊరు ఊరుకోదు. జోలాపుట్టులో అలాంటి మాట చెప్పే ఊరే లేకుండా పోయింది. రెండూ నీళ్లే, రెండూ కొండల మధ్యే.

ఇక మూడో రోజు గురించి. డుడుమ నుంచి ఒనకడిల్లి దగ్గరే. అక్కడ గురువారం సంత. బోండాలు కొండ దిగి ఆ సంతకు వస్తారు. మన కాగితంలో దాని ఎదురుగా "బోండాలను చూడడం" అని ఉంది. రాసినవాళ్లు మంచి పిల్లలే, అందుకే ఇది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. విదేశాల నుంచి కూడా ఆ సంతకు కెమెరాలతో వచ్చేవారు, మెడ నిండా పూసలేసుకున్న బోండా ఆడవాళ్లను ఫొటోలు తీసుకోవడానికి. అరకులో మన అక్కల్నీ అత్తల్నీ నిలబెట్టి ఫొటో తీస్తే మనకు కాలుతుంది. బస్సెక్కి రాష్ట్రం గీత దాటగానే మనమే ఆ పని చెయ్యడానికి సిద్ధమైపోయాం. ఫోను చేతిలో ఉంటే, మన దగ్గర కాస్త చదువూ ఎదుటివాడి దగ్గర కాస్త తక్కువ బట్టా ఉంటే, మనం కూడా అద్దాల పెట్టెలో కూర్చున్నట్టే.

సంతకు పోవద్దని నేననలేదు. సంతకు సంత కోసం పొండి అన్నాను. చింతపండో, కందులో, చీపుర్లో కొనండి, బేరమాడండి. ఆదివాసీ ఒడియా మనలో చాలామందికి వచ్చు, ఆ సంతలో అది చెల్లుతుంది. అద్దాల రైలువాళ్లకు లేనిదీ మనకు ఉన్నదీ అదొక్కటే, మాట్లాడడానికి ఒక భాష. బేరంలో కళ్లు ఇద్దరివీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆమె కూడా మనల్ని చూస్తుంది, మన జీన్స్ ప్యాంటు చూసి నవ్వుతుంది. ఫోన్లు సంచిలో ఉంచమని చెప్పాను. ఒప్పుకున్నారు. ఒకమ్మాయి మాత్రం "ఆవిడే నాతో ఫొటో దిగుతానంటే?" అని అడిగింది. మంచి ప్రశ్న. అడిగితే దిగమన్నాను.

బలిమెల గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ ఆగే వ్యవధి ప్లాన్‌లో లేదు. ఆ జలాశయం నిండాక ఒడిశా వైపు చిత్రకొండ దగ్గర నూటికి పైగా ఊళ్లు నీటికి అవతల చిక్కుకుపోయాయి. లాంచీ వస్తే ఆసుపత్రి, రాకపోతే లేదు. గురుప్రియ వంతెన 2018లో గానీ తెరవలేదు. డొంకరాయి ఘాట్‌లో బస్సు దిగుతున్నప్పుడు అటువైపు నీళ్లు కనబడితే ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకుంటే చాలు.

నాలుగో రోజు చింతూరు, కూనవరం, అక్కడి నుంచి పాపికొండలు. ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. "మునిగిపోకముందే ఒకసారి చూసేద్దాం" అనే మాట కొన్నేళ్లుగా వింటున్నాను. మన పిల్లల నోట కూడా విన్నాను. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 మీటర్లు. ఈ అంకెలు కోయ, కొండరెడ్డి ఊళ్లలో చదువు రాని ముసలివాళ్లకు కూడా నోటికి వచ్చు. తమ ఇల్లు ఏ అంకె కిందికి వస్తుందన్న దాన్ని బట్టే పరిహారం ఇప్పుడా, తరవాతా, అసలు వస్తుందా అనేది తేలుతుంది. ఆ మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది కూడా ఈ ప్రాజెక్టు కోసమే. 2022 జూలై వరదలో ఆ ఊళ్లు ఒకసారి మునిగి చూశాయి.

"మునిగిపోకముందే చూసేద్దాం" అనేవాడికి మునిగేది దృశ్యం. అక్కడున్నవాళ్లకు మునిగేది ఇల్లు. జోలాపుట్టుకు డెబ్బై ఏళ్ల కింద జరిగింది పాపికొండలకు ఇప్పుడు జరుగుతోంది. ఇంకో డెబ్బై ఏళ్లకు ఎవరి పిల్లలో ఒక కాగితం మీద "పోలవరం సరస్సు అందాలు - సాయంత్రం వరకు" అని రాసుకుంటారు. జోలాపుట్టు ఖాళీ అవుతున్నప్పుడు మనలో ఎవరూ పుట్టలేదు, మనల్ని ఎవరూ అడగలేరు. కూనవరంలో అలా చెప్పుకోలేం.

ఆ గోదారిలోనే 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర విహారయాత్ర పడవ బోల్తా పడింది. ముందుగా నాటు పడవలేసుకుని వచ్చి దొరికినవాళ్లను ఒడ్డుకు చేర్చింది ఆ పక్క ఊళ్ల గిరిజనులే. యాత్రికుల కాగితాల్లో లేని మనుషులు వాళ్లు.

అందుకని నాలుగో రోజు పడవ ప్రయాణం మధ్యాహ్నానికి జరిపించాను. పొద్దున్న కూనవరం దగ్గర ఒక కోయ ఊళ్లో ఉంటారు. అక్కడ పనిచేసే టీచరు ఒకరు నాకు తెలుసు, ఆయనతో మాట్లాడాను. ఊరి పెద్దను అడిగి చెబుతానన్నారు. రెండు రోజుల తరవాత "రమ్మన్నారు, అయితే సర్వేవాళ్లేమోనని మొదట భయపడ్డారు. కాగితాలు, పుస్తకాలు తెచ్చి ఏదీ రాసుకోవద్దని చెప్పమన్నారు" అని కబురు చేశారు. బియ్యం మనవి, కూర వాళ్లు వండుతారు, దాని డబ్బు వాళ్ల మహిళా సంఘానికి ఇవ్వాలి.

ఈ మార్పులన్నీ అయ్యాక, జోలాపుట్టు దగ్గర "సరస్సు అందాలు" అన్నది కొట్టేసి ఏం రాయాలో పిల్లలకు తోచలేదు. ఒకడు "జలాశయం" అన్నాడు, అది మరీ ఇంజినీరు మాటలా ఉందని ఇంకొకడు ఒప్పుకోలేదు. ఆ నీటి కింద ఉన్న ఊళ్ల పేర్లు రాద్దామని ఒకమ్మాయి అంది. నాకు తెలిసినవి రెండే. మిగతావి ముంచంగిపుట్టు సంతలో ముసలివాళ్లను అడిగి రాసుకొస్తామని ఇద్దరు బయల్దేరుతున్నారు.