వెళ్లుట తప్పా, వెళ్లకమునుపు చేసినది తప్పా?

ఒక యజమానుని యొద్ద పని మాని మరియొకని యొద్ద చేరుట పాపము కాదు. పనివాడు తన పనిని అమ్మెను గాని తన్ను అమ్ముకొనలేదు. పని మానినవాడు ఇతరుల యొద్ద చేరకూడదను ఒడంబడిక సామాన్యముగా చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము, 27వ సెక్షనులో చెప్పుచున్నది. అయినను మనస్సాక్షి అడుగు ప్రశ్న అంతటితో తీరదు.

శంషాబాదు విమానాశ్రయమును చూడుడి. 2008 మార్చిలో బేగంపేట నుండి ప్రయాణికుల విమానములు అక్కడికి మారినవి. దానిని నడుపునది జి.ఎం.ఆర్. వారి ఆధ్వర్యములోని కంపెనీ. అయితే ప్రయాణికుని యొద్ద ఎంత రుసుము తీసికొనవలెనో కంపెనీ తనకుతానే నిర్ణయించుకొనదు. 2009లో ఏర్పడిన ప్రభుత్వ నియంత్రణ సంస్థ లెక్కలు పరీక్షించి నిర్ణయించును. ఎవరిని నిందించుటకును కాదు గాని, అటువంటి స్థానములో ఉన్నవాడు రేపు తాను పరీక్షించు కంపెనీలోనే కొలువు దొరకునని ఆశించిన యెడల అతని కలము ఎటు మొగ్గును?

లూకా సువార్త 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు చేసినది ఇదియే. కొలువు పోవునని తెలిసి, రేపు తన్ను చేర్చుకొనవలెనని ఋణస్థుల పత్రములలో అంకెలు తగ్గించెను. అతడు వారి యిండ్లకు వెళ్లుటలో తప్పు లేదు. ఇంకను యజమానుని పనిలో ఉండగనే రేపటి యింటికి వెల చెల్లించుటలో తప్పున్నది. ఆ వెల అతని సొమ్ము కాదు.

అందుచేతనే పదవి విడిచిన పెద్ద అధికారులు కొంతకాలము అనుమతి లేక ప్రైవేటు కొలువులో చేరరాదను నియమము కలదు. రెండేండ్లుగా ఉన్న ఆ గడువు 2015లో ఒక ఏడాదికి తగ్గెను. అనుభవజ్ఞులను ఎల్లకాలము ఇంట కూర్చుండబెట్టుటయు న్యాయము కాదు గదా! పైలట్ల విషయములో 2017లో మరియొక నియమము వచ్చెను: కెప్టెను సంస్థను విడుచుటకు ఏడాది ముందుగా తెలుపవలెను. హఠాత్తుగా వెళ్లిన యెడల నష్టపోవునది ప్రయాణికుడే.

గడువులు కాలమును కొలుచును గాని హృదయమును కొలువలేవు. ఇది పెద్దలకు మాత్రమే కాదు. మార్కెట్టు యార్డులో తూకము చూచువాడు రేపు ధాన్యపు వ్యాపారి యొద్ద గుమాస్తాగా చేరదలచిన యెడల, నేటి తూకములోనే రైతు నష్టపోవచ్చును. కావున క్రొత్త కొలువును గూర్చి మాట మొదలైన దినముననే పైవారికి తెలిపి, ఆ వ్యాపారి తూకము మరియొకని చేతికి ఇయ్యవలెను. చేతి నేర్పు మనది, తీసికొని పోవచ్చును. నమ్మి మనకు చెప్పిన రహస్యము మాత్రము చెప్పినవారిదే. దానిని అక్కడనే విడిచి వెళ్లుదము.