మైనరు మేలు

మైనరు ఆస్తి అమ్మాలంటే మన చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ అమ్మకం ఆ మైనరుకి అవసరమా, లేదా స్పష్టంగా మేలు చేస్తుందా? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 31వ సెక్షన్, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలోని 8వ సెక్షన్ దాదాపు ఇదే మాట చెబుతాయి. మొదటిది కోర్టు నియమించిన గార్డియన్‌కి, రెండోది తల్లిదండ్రులకి. ఎవరైనా సరే, ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. వద్దని చెప్పే వయసులేని మనిషి సొత్తును ఇంకొకరు అమ్ముతున్నప్పుడు మధ్యలో మూడోమనిషి ఉండాల్సిందే. దానితో నాకు పేచీ లేదు. ఆ 'మేలు' ఏమిటో ఎవరిని అడిగి తేలుస్తున్నారన్నదే నా ప్రశ్న.

ముందు కోర్టు మెట్లెక్కేది ఎవరో చూద్దాం. నిబంధన తండ్రికీ తల్లికీ ఒకటే. కానీ పిల్లల పేరు మీదికి ఆస్తి తరచుగా వచ్చేది తండ్రి పోయినప్పుడే కదా! భర్త వీలునామా రాయకుండా పోతే, అతను కొనుక్కున్న స్థలం భార్యకీ పిల్లలకీ అత్తగారికీ సమానంగా వస్తుంది. తన వాటా ఆమె అమ్ముకోవచ్చు. పిల్లల వాటాకి మాత్రం జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి, వకీలుకి ఫీజు కట్టాలి, వాయిదాలకి తిరగాలి. సగం స్థలం ఎవరూ కొనరు గనక పిల్లల వాటా ఆగితే మొత్తం ఆగుతుంది. అప్పులవాళ్లు ఆగరు. ఈలోగా "పిల్లల సొమ్ముకి ఎసరు పెడుతున్నావా వదినా?" అని మరిది అననే అంటాడు.

ముస్లిం తల్లికి ఈపాటి హోదా కూడా లేదు. 1918లో ఇమాంబాందీ కేసులో ప్రీవీ కౌన్సిల్, తల్లికి పిల్లల్ని పెంచే హక్కే తప్ప తల్లి అయినంత మాత్రాన వాళ్ల ఆస్తిని అమ్మే అధికారం రాదని చెప్పింది. ఆమె ముందు కోర్టుచేత గార్డియన్‌గా నియమింపబడాలి. హిందూ తల్లి సహజ సంరక్షకురాలే, కాకపోతే 'తండ్రి తర్వాత'. ఆ 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అనే కాదనీ, అతను పట్టించుకోనప్పుడు కూడా అనీ సుప్రీంకోర్టు చేత చెప్పించడానికి గీతా హరిహరన్ 1999 దాకా పోరాడాల్సి వచ్చింది. ఇద్దరూ ఉన్న ఇంట్లో ఇద్దరూ సమానమేనని మాత్రం చట్టంలో ఇప్పటికీ రాయలేదు.

ఇక ఉమ్మడి కుటుంబం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణతో, దేశమంతటా 2005లో, కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. మనమంతా సంతోషించాం. కానీ విభజించని ఆ వాటాకి 8వ సెక్షన్ వర్తించదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కుటుంబ అవసరం ఉందని కర్త అనుకుంటే ముందస్తు అనుమతి లేకుండానే మైనరు వాటాతో సహా అమ్మేయవచ్చు. అభ్యంతరముంటే తర్వాత దావా వేసుకోవాలి. పదేళ్లపిల్ల వాటాని తాతో పెదనాన్నో అమ్మితే నమ్మకం, తల్లి అమ్మబోతే అనుమానం! పితృస్వామ్యం ఇక్కడ ఏ సెక్షన్‌లోనూ పేరు పెట్టుకుని కనిపించదు. ఎవరిని ముందు అడగాలి, ఎవరిని తర్వాత అడగాలి అనే వరసలో ఉంటుంది.

అందుకని తల్లికి కోర్టు అనుమతి అక్కర్లేకుండా చేయమందామా? కొందరు స్నేహితురాళ్లు అలాగే అంటారు. నేను ఒప్పుకోలేను. మొదటి కారణం తల్లి కోసమే. అన్నదమ్ములూ అత్తింటివాళ్లూ అమ్మెయ్యమని మెడ మీద కూచున్నప్పుడు "నాదేముంది, కోర్టు ఒప్పుకోదు" అనగలగడం ఆమెకి మిగిలిన ఒకే ఒక్క సాకు కావచ్చు. తన నోటితో వద్దనలేని ఆడదానికి చట్టం నోరు అరువిస్తుంది.

రెండోది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. కొడుకు ఇంజనీరింగ్ సీటు కోసం కూతురి వాటా అమ్మాలనుకునే తల్లి చెడ్డది కాదు. వాడు స్థిరపడితే చెల్లెల్ని చూసుకుంటాడని మనసారా నమ్ముతుంది. ఆమెనీ అలాగే నమ్మించారు, ఆమె వాటా కూడా అలాగే పోయి ఉంటుంది. ఇంట్లో ఇది త్యాగం. కోర్టులో మాత్రం జడ్జి అడగాల్సింది ఒకటే: ఈ అమ్మాయికి ఇందులో ఏమిటి మేలు? అన్నయ్య మేలు దీని మేలు కాదు. కుటుంబాన్ని ఒక ముద్దగా చూడకుండా ఈ ఒక్క పిల్లని విడదీసి చూడటంలో, 1890లో తెల్లవాళ్లు రాసిన ఆ చట్టం మన ఇళ్ల కన్నా స్త్రీవాదానికి దగ్గరగా ఉందనిపిస్తుంది. వాళ్లు మన కోసం రాశారని కాదు లెండి.

అయితే అదే కోర్టులో 'ఆడపిల్ల పెళ్లికి' అంటే చిక్కు తిరిగి మొదలవుతుంది. కూతురి పెళ్లి ఖర్చు చట్టబద్ధమైన కుటుంబ అవసరమని హిందూ న్యాయశాస్త్రం ఎప్పటినుంచో ఒప్పుకుంది. ఆ అలవాటు 'మైనరు మేలు' అనే మాటలోకి కూడా జారితే, పిల్ల భూమిని అమ్మి పిల్లని పంపించెయ్యడం ఆమెకి చేసిన ఉపకారంగా కాగితాలకెక్కుతుంది. భూమి ఉంటే వద్దనగలిగే పెళ్లిళ్లు ఉంటాయి. ఆ వద్దనగలగడాన్ని ఏ పిటిషన్‌లో ఏ విలువ కట్టి చూపిస్తారు?

ఆ పిల్లనే అడగవచ్చు. గార్డియన్‌ని నియమించేటప్పుడు, ఆలోచించి చెప్పగల వయసుంటే మైనరు ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని అదే చట్టంలోని 17వ సెక్షన్ అంటుంది. ఆస్తి అమ్మకానికి వచ్చేసరికి బంధువులకో స్నేహితులకో కోర్టు నోటీసు ఇప్పించవచ్చని 31వ సెక్షన్ అంటుంది. వేలం వేయమనవచ్చు, డబ్బు కోర్టులో జమ చేయమనవచ్చు. పదహారేళ్ల అమ్మాయిని పిలిచి అడగమని మాత్రం అందులో లేదు. ఎవరి దగ్గర ఉంటావని అడిగించుకోదగిన పిల్ల, నీ పొలం ఉంచాలా అమ్మాలా అని అడిగించుకోవడానికి ఎందుకు తగదు?

ఇంకో సంగతి. అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మితే, మైనరు మేజరయ్యాక ఆ అమ్మకాన్ని తిరస్కరించవచ్చు. దావా వేయాలంటే పద్దెనిమిది నిండాక మూడేళ్ల గడువు. దావాయే అక్కర్లేదు, స్పష్టమైన నడవడితో కూడా తోసిపుచ్చవచ్చని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతితో జరిగిన అమ్మకానికి ఈ వెసులుబాటు లేదు. మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప ఆ తలుపు మూసుకున్నట్టే. అంటే కోర్టు ఆమె తరఫున ఇప్పుడు మాట్లాడటమే కాదు, రేపు ఆమె మాట్లాడబోయేదాన్ని కూడా ముందుగానే ముగిస్తోంది. అంత పెద్ద పని చేసిన ఉత్తర్వు ప్రతిని పద్దెనిమిదో ఏట ఆమె చేతికి ఇవ్వాలని 31వ సెక్షన్‌లో ఒక్క వాక్యం లేదు. నకలు కావాలంటే ఆమే దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి కేసు నంబరు కావాలి. అలాంటి కేసొకటి నడిచిందని ముందు ఎవరైనా ఆమెతో చెప్పి ఉండాలి.