పేరు తెలియని గురువులు

లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ వెళ్లే ఎంఎంటీఎస్‌లో రోజూ కనిపించే పెద్దాయన ఒకరున్నారు. చందానగర్‌లో ఎక్కుతారు, బేగంపేటలో దిగుతారు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోరు. ఒక చేత్తో తలుపు దగ్గరి కడ్డీ పట్టుకుని, రెండో చేతికి టిఫిన్ సంచి తగిలించుకుని అలాగే నిలబడతారు. ఎవరైనా పిలిచి చోటు చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు. 2003లో ఈ రైళ్లు మొదలైనప్పటి నుంచీ ఎక్కుతున్నవాణ్ని, ఇలాంటి మనిషిని చూడలేదు. వారం తిరిగేసరికి నా మనసు ఆయనకు కథ అల్లేసింది. మొదట మొండివాడన్నాను. తర్వాత మడి పట్టింపు ఉన్న మనిషేమో అన్నాను. ఇంకో రోజు ఏదో మొక్కు అని తేల్చాను. ఒక్క మాట అడక్కుండానే ఆయన జీవితమంతా రాసిపెట్టేశాను.

ఒకనాడు బోరబండ దాటాక రైలు బాగా కుదుపుతుంటే ఉండబట్టలేక లేచి, "కూర్చోండి పెద్దాయనా" అన్నాను.

"కూర్చుంటే మళ్లీ లేవలేను బాబూ. మోకాళ్లు" అన్నారాయన.

అంతే. నేను అల్లిన మూడు కథలూ నార తెగిన పూలలా రాలిపోయాయి. ఆ రోజంతా సిగ్గు నన్ను వదల్లేదు.

ఆ రాత్రి భాగవతం ఏకాదశ స్కంధం తీశాను. తెలుగులో ఆ భాగం పోతనగారి శిష్యుడు వెలిగందల నారయ చేతి మీదుగా వచ్చింది. ఏ పనీ లేకుండా తిరుగుతూ ఇంత ఆనందంగా ఎలా ఉన్నావని యదు మహారాజు ఒక అవధూతను అడుగుతాడు. నాకు ఇరవై నలుగురు గురువులున్నారంటాడు అవధూత. భూమి, గాలి, కొండచిలువ, సాలెపురుగు... ఆ జాబితా చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ అందులో మనుషులెందరని ఆ రాత్రే మొదటిసారి లెక్కపెట్టాను. ఐదుగురు. తేనె తీసేవాడు, పింగళ అనే వేశ్య, ఒక పసివాడు, ఒక కన్యక, బాణాలు చేసేవాడు. పింగళకు తప్ప మిగతావాళ్లకు పేరు కూడా లేదు. ఒకరికి గురువునయ్యానన్న సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఆ కన్యక దగ్గర నా మనసు ఆగిపోయింది. పిల్లను చూడడానికి ఎవరో వచ్చారు. ఇంట్లోవాళ్లు లేరు. అతిథుల కోసం చాటుగా వడ్లు దంచుతుంటే చేతి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు దంపుతున్న సంగతి తెలిస్తే ఇంటి లేమి బయటపడుతుందని సిగ్గుపడి ఒక్కొక్క గాజే పగలగొట్టుకుంటూ పోయింది. రెండు మిగిలినా మోగాయి. చేతికి ఒక్కటే మిగిలాక చప్పుడు ఆగింది. దారిన పోయే మనిషికి అది ఎంత వింత దృశ్యం! పెళ్లిచూపుల నాడు ఒక పిల్ల తన గాజులు తనే పగలగొట్టుకుంటోంది. నేనైతే పిచ్చిదనేవాణ్ని. అవధూత ఆ పిల్ల గురించి ఏ తీర్పూ చెప్పలేదు. ఏకాంతం తనకెందుకు కావాలో ఆమె చేతిని చూసి తెలుసుకున్నాడు. నేను పెద్దాయనను చూసి ఆయన గురించి తెలుసుకున్నాననుకున్నాను. అవధూత ఎవరిని చూసినా తన సంగతే తెలుసుకున్నాడు.

పతంజలి యోగసూత్రాల్లో, సమాధిపాదం 33వ సూత్రంలో ఇతరులను చూసే తీరు చెప్పాడు. సుఖపడేవారిపట్ల మైత్రి, దుఃఖపడేవారిపట్ల కరుణ, పుణ్యం చేసేవారిపట్ల ముదిత, చేయనివారిపట్ల ఉపేక్ష. చిత్తం తేటపడడానికి ఇవి మందు. రైల్లో కరుణ సులువుగానే వస్తుంది. ఫోన్‌లో పాటలు అందరికీ వినిపించేలా పెట్టేవాడి మీద ఉపేక్ష కూడా కాస్త సాధన మీద కుదిరింది. నాకు కష్టమైనది ముదిత. ముక్కూమొహం తెలియనివాడి మంచితనం చూసి లోపల సంతోషం పొంగాలంటే, ముందు ఆ మంచితనం కంటపడాలి కదా!

కంటపడకపోవడానికి కారణం దృగ్దృశ్యవివేకం అనే వేదాంత గ్రంథం మొదట్లోనే ఉంది. రూపాన్ని కన్ను చూస్తుంది, కన్నును మనసు చూస్తుంది, మనసును సాక్షి చూస్తాడు. నా కన్ను పెద్దాయనను చూసింది. కన్ను తెచ్చిపెట్టినదాన్ని మనసు అందుకుని మూడు కథలు అల్లింది. ఆ అల్లికను చూస్తున్న సాక్షి వైపు నేను ఒక్కసారైనా తిరగలేదు. అప్పటి నుంచి రైలెక్కగానే మొదట కథ అల్లే మనసు మీద చూపు పెడుతున్నాను. చాలా రోజులు ఓడిపోతాను. గెలిచిన రోజు పెట్టె అంతా ఒక్కసారిగా కొత్తగా కనిపిస్తుంది.

నిన్న అలాంటి రోజు. తలుపు పక్కన కింద కూర్చుని పూలు కట్టే ఒకావిడ ఉంటుంది. మల్లెలు రెండు అటు, రెండు ఇటు, మధ్యలో కనకాంబరం, అరటినార ఒక చుట్టు, ముడి. వేళ్లే చూసుకుంటాయి, ఆమె చూడదు. రాజుగారి ఊరేగింపు పక్కనుంచి పోయినా గమనించని ఆ బాణాలు చేసేవాడు గుర్తొచ్చి ఆమె వేళ్లనే చూస్తున్నాను. నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషన్ దాటి రైలు బేగంపేట దగ్గరికొచ్చింది. ఆమె తల ఎత్తలేదు. కట్టే చెయ్యి ఆపి, పూలబుట్టను జానెడు తన వైపు లాక్కుంది. పెద్దాయన సరిగ్గా ఆ జానెడు చోటులో కాలు మోపి, కడ్డీ పట్టుకుని, మెల్లగా దిగారు. బుట్ట మళ్లీ యథాస్థానానికి వెళ్లింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎన్నాళ్లుగా జరుగుతోందో ఇది. నేను నిన్ననే చూశాను.