సొరచెట్టు నీడ ఎవరిది?



కిందటి ఏడాది వడగళ్ళ వానకు మా ఇంటి పైకప్పు దెబ్బతింది. ఇన్సూరెన్సు వ్యవహారం తేలేసరికి జూలై వచ్చింది. డాలస్ చుట్టుపక్కల జూలై ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. నూరు డిగ్రీలు దాటిన ఎండలో ఆరుగురు మనుషులు మా కప్పు మీద మోకాళ్ళపై కూర్చుని షింగిల్స్‌కు మేకులు కొడుతున్నారు. నేను లోపల ఏసీలో ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఆ చప్పుడుకు విసుగొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను కూడా.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. ఆమెది పల్నాడులోని రెంటచింతల. ఎండలకు పేరుపడిన ఊరు. మధ్యాహ్నం నా గది తలుపు తీసి, "నాన్నా, పైనున్నవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చావా?" అని అడిగింది.

"వాళ్ళ కంపెనీవాళ్ళు చూసుకుంటారులే అమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. కాసేపటి తరువాత వెళ్ళి చూస్తే గరాజ్ తలుపు ఎత్తి ఉంది. పెద్ద స్టీలు గిన్నెలో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. వాళ్ళకు తెలుగు రాదు, అమ్మకు స్పానిష్ రాదు. నీడలో కూర్చోమని చేత్తో చూపిస్తోంది, వాళ్ళు కూర్చుని తాగుతున్నారు. వేసవి రాగానే మన ఊళ్ళలో దారిన పోయేవారికి చలివేంద్రం పెడతారు. అమ్మ మా డ్రైవ్‌వే మీద పెట్టింది అదే.

సాయంత్రం నాతో పాటు నడకకు వచ్చినప్పుడు, "ఇంత పెద్ద రోడ్డు వేశారు, నిలబడడానికి ఒక్క చెట్టు లేదేం?" అంది. ఆ మాట నన్ను వదలలేదు. నీడ అన్నది డబ్బున్నవాడు కొనుక్కునే వస్తువా? లేక మనం ఒకరికొకరం బాకీ ఉన్నదా?

ఆ రాత్రి యోనా గ్రంథం నాలుగో అధ్యాయం తెరిచాను. యోనా అనగానే మనకు చేప గుర్తుకొస్తుంది గాని, ఆ గ్రంథం ముగిసేది ఎండలో. నీనెవెకు ఏమౌతుందో చూద్దామని యోనా పట్టణం బయట పందిరి వేసుకుని కూర్చున్నాడు. దేవుడు అతని తలకు నీడగా సొరచెట్టు మొలిపించాడు. యోనా ఎంతో సంతోషించాడు. మరునాడు పురుగు తొలిచి చెట్టు వాడిపోయింది, వేడి గాలి వీచింది, ఎండ తలకు తగిలి అతను సొమ్మసిల్లి చావే మేలనుకున్నాడు. తాను నాటని, పెంచని చెట్టు కోసం యోనా అంత విచారపడితే, 1,20,000 మందికి పైగా ఉన్న ఆ మహాపట్టణం కోసం దేవుడు విచారపడకూడదా? ఈ ప్రశ్నతోనే గ్రంథం ముగుస్తుంది. యోనా ఏం జవాబిచ్చాడో అందులో లేదు.

నీడను ఆనందించినందుకు దేవుడు యోనాను తప్పుపట్టలేదని గమనించండి. ఆ నీడ ఇచ్చింది ఆయనే. కాబట్టి ఏసీ వేసుకోవడం పాపమని నేను చెప్పడం లేదు. అది ఎన్నో ప్రాణాలు కాపాడుతోంది. యోనా లోపం వేరు. అతని విచారం అతని తల మీది నీడ దగ్గరే ఆగిపోయింది, పట్టణం దాకా పోలేదు.

మన పట్టణాల సంగతి చూద్దాం. ఎండ అందరికీ ఒకటే గాని వేడి ఒకటి కాదు. తారు, కాంక్రీటు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి వదులుతాయి. చెట్టు రెండు విధాల సాయపడుతుంది. నీడనిచ్చి నేలను కాగనివ్వదు. వేర్లతో తీసుకున్న నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా వదిలి గాలిని చల్లబరుస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలా ఆవిరి కావడం వల్లనే. నీడలో ఉన్న నేల, గోడలు ఎండలో ఉన్నవాటికంటే 20 నుంచి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా చల్లగా ఉండవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది.

అయితే ఆ చెట్లు ఎవరి వీధిలో ఉన్నాయి? 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ అమెరికా నగరాలకు రంగుల పటాలు గీయించింది. నల్లజాతివారు, వలస వచ్చినవారు ఎక్కువగా ఉన్న పేటలకు ఎర్ర రంగు వేసి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని ముద్ర వేసింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 108 నగరాలను పరిశీలించింది. ఆనాడు ఎర్ర రంగు వేసిన పేటల్లో నేటికీ నేల వేడి మిగతా పేటలకంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉందని తేలింది. పెట్టుబడి పోని చోట చెట్లూ పార్కులూ పెరగలేదు. ఆనాటి అన్యాయం ఇప్పటికీ ఎండగా కాస్తోంది.

వేడి ప్రాణం తీస్తుందని మనవాళ్ళకు వేరే చెప్పాలా? 2015 వేసవి వడగాడ్పులకు భారతదేశంలో 2,000 మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. అమెరికా సంపన్న దేశం కదా అంటారా? 2023లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంతకు మించి ఎండ కాసింది. ఆ ఏడాది ఆ నగరమున్న మారికోపా కౌంటీలో 645 మంది మరణాలకు వేడి కారణమైందని అధికారులు లెక్క తేల్చారు.

1995 జూలైలో షికాగోలో వడగాడ్పు వచ్చినప్పుడు ఒక్క వారంలో మామూలుకంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంటరిగా, మూసిన తలుపుల వెనక కన్నుమూసిన వృద్ధులు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింట్లోనూ ఒంటరి వృద్ధులున్నారు, పేదలున్నారు. అయినా నార్త్ లాన్‌డేల్‌లో మరణాల రేటు సౌత్ లాన్‌డేల్ కంటే దాదాపు పది రెట్లు. సౌత్ లాన్‌డేల్ వీధుల్లో అంగళ్ళు, జనసందడి ఉండేవి. ముసలివారు భయం లేకుండా బయటికి వచ్చేవారు, చల్లటి దుకాణాల్లోకి వెళ్ళేవారు. అంటే పొరుగు ఉండడమే ఒక నీడ.

మరొక్క మాట. మన ఏసీ ఇంట్లోని వేడిని మాయం చేయదు, బయటికి తోస్తుంది. 2014లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చెప్పిన ప్రకారం, ఏసీలు వదిలే వేడి వల్ల ఫీనిక్స్‌లో కొన్ని చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్‌కు పైగా పెరుగుతుంది. నా చల్లదనంలో కొంత నా పొరుగువాని వేడిగా మారుతోంది. కాబట్టి పొరుగువానికి నీడ ఇవ్వడం కేవలం దానధర్మం కాదు. అందులో కొంత బాకీ తీర్చడం కూడా ఉంది.

ఇక్కడ మనలో చాలామంది మనసులో ఒక మాట ఉంటుంది: "మనం ఇక్కడ ఎన్నాళ్ళుంటామో! గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు, రేపు ఉద్యోగం పోతే ఏ ఊరో! ఇరవై ఏళ్ళకు నీడనిచ్చే చెట్టు మనకెందుకు?" ఇది తేలికగా కొట్టిపారేసే మాట కాదు. ఆ బరువు నేనూ మోశాను. అయితే బబులోనుకు చెరగా వెళ్ళినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం గుర్తు చేసుకోండి. వారు మనలా ఇష్టపడి వెళ్ళినవారు కారు, ఆ పట్టణం వారి శత్రువులది. అయినా ఇండ్లు కట్టుకుని తోటలు నాటమని, ఆ పట్టణ క్షేమాన్ని కోరి ప్రార్థించమని, దాని క్షేమంలోనే తమ క్షేమముందని వారికి ఆజ్ఞ వచ్చింది. డెబ్బై ఏళ్ళ తరువాత వెళ్ళిపోవలసినవారినే తోటలు నాటమన్నాడు దేవుడు.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట మా సంఘంలో, మందిరం పక్కనున్న ఖాళీ స్థలంలో చెట్లు నాటాలా, పార్కింగ్ పెంచాలా అని చర్చ వచ్చింది. ఆ స్థలాన్ని ఆనుకుని ఒక బస్ స్టాప్ ఉంది. దానికి కప్పు లేదు. పనులకు పోయేవారు అక్కడ ఎండలో నిలబడతారు. వారెవరూ మా ఆరాధనకు రారు. పండుగ ఆదివారాల్లో కార్లు వీధిలో పెట్టవలసి వస్తోందని నేను పార్కింగ్ వైపే చెయ్యెత్తాను. ఆ కష్టం నిజమే, నీళ్ళ ఖర్చూ నిజమే. కాని ఏడాదికి నాలుగైదు ఆదివారాల మా సౌకర్యాన్ని, వారానికి ఆరు రోజుల వారి ఎండతో నేను తూచి చూడలేదు. పందిరిలో కూర్చున్న యోనాను నేనే.

సగం స్థలం ఇంకా మిగిలి ఉంది. ఈ నెల సంఘ సమావేశంలో బస్ స్టాప్ వైపు లైవ్ ఓక్, సీడర్ ఎల్మ్ చెట్లు నాటుదామని అడగబోతున్నాను. టెక్సస్ ఎండకు తట్టుకునే చెట్లివి. ఆకురాలు కాలంలో నాటి, మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళు పోస్తే చాలావరకు నిలదొక్కుకుంటాయి. అవి పెరిగేదాకా వేసవిలో అక్కడ చలివేంద్రం పెడదాం. మజ్జిగ ఆనాటి దాహం తీరుస్తుంది, చెట్టు మన తరువాతి తరానికి కూడా నీడనిస్తుంది. రెండూ కావాలి. మీ మందిరం చుట్టూ కూడా ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలకు నడిచి చూడండి. ఎవరు ఎండలో నిలబడి ఉన్నారో కనబడుతుంది.

యోనా చెప్పకుండా వదిలిన జవాబును మన పట్టణాల్లో మనం చెప్పేలా ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.