అడగకుండా చేసిన మేలు

పాల్వంచ పరగణా తహశీల్దారు కంచెర్ల గోపన్న సర్కారుకు చేరాల్సిన పన్ను సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ ప్రభువు తానీషాను అడగలేదు. గోల్కొండ చెరసాలలో పడ్డాడు. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. ఈ కథలో భక్తులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కట్టింది తన గుడే అయినా రాముడు ఆ బాకీని కొట్టిపారేయలేదు. పైసా బాకీ లేకుండా కట్టి, రసీదు తీసుకున్నాడు.

2009 జులైలో అదే ప్రాంతంలో మరో మంచి పని మొదలైంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని కొత్తగూడెం, భద్రాచలం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయడానికి పూనుకున్నారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం ఇది. డబ్బు గేట్స్ ఫౌండేషన్ ఇచ్చింది. మెర్క్ కంపెనీ తన గార్డసిల్ టీకాను ఉచితంగా ఇచ్చింది.

మంచి పని అనడంలో సందేహం అక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా 75 వేల మందికి పైగా స్త్రీల ప్రాణం తీస్తోంది. ఆ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీ అనే వైరస్‌లోని 16, 18 రకాలే కారణం. ఈ వైరస్‌కూ ఆ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టినందుకే హారల్డ్ సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. లైంగిక సంబంధం ద్వారా సోకే వైరస్ కాబట్టి, అది సోకే అవకాశం రాకముందే, చిన్న వయసులోనే టీకా వేయాలి.

చిక్కు వచ్చింది ఒప్పుదల దగ్గర. తర్వాత జరిగిన విచారణలో 9,543 అంగీకార పత్రాలను చూస్తే, 1,948 పత్రాల మీద వేలిముద్రలు, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు కనిపించాయి. వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదువు రాని తల్లి కూడా వివరంగా చెబితే విని, ఆలోచించి, సరేనో కాదో చెప్పగలదు. వార్డెన్ సంతకం సంగతి వేరు. ఆశ్రమ పాఠశాలలో పిల్లకు అన్నం పెట్టేది, జ్వరమొస్తే మాత్ర ఇచ్చేది వార్డెనే. కానీ అధ్యయనంలో భాగంగా బిడ్డ ఒంట్లోకి సూది దించడానికి ఒప్పుకునే హక్కు అడవిలో పోడు చేసుకునే కోయ తల్లిదండ్రులది. వాళ్ల గూడెం దూరమైనంత మాత్రాన ఆ హక్కు వార్డెన్‌కు బదిలీ కాదు.

ఖమ్మంలోనూ, ఇలాంటి కార్యక్రమమే నడిచిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమ అనే మహిళా ఆరోగ్య సంస్థ భద్రాచలం వచ్చి విచారించింది. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. పురుగుమందు, పాముకాటు, నీట మునగడం, మలేరియా వంటి కారణాలను పరిశీలించిన ప్రభుత్వ కమిటీ, ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని 2011లో తేల్చింది. అంగీకారం తీసుకున్న తీరులో లోపాలను మాత్రం ఎత్తిచూపింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నూ ఐసీఎంఆర్‌నూ మరింత గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే, చావులకు అది కారణం కాదనే అనుకుందాం. మరి అడగకపోతే ఏం నష్టం? నష్టం రెండు విధాలుగా జరిగింది. అడగకుండా వేసినప్పుడే ఆ తల్లిదండ్రులను మనుషులుగా లెక్కలోంచి తీసేసినట్టయింది. ఫలితం మంచిదైనా ఆ తప్పు తుడిచిపెట్టుకుపోదు. ఇక బిడ్డ పోయిన ఇంటికి, ముందు ఎవరూ ఏమీ చెప్పనప్పుడు, తర్వాత వచ్చి చెప్పే నిజాన్ని నమ్మడానికి ఆధారమేముంది? అలా పుట్టిన అనుమానం టీకా మీదికి మళ్లింది.

ఈ కథలో మరో మలుపు ఉంది. అప్పట్లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దేశంలో వేరే పరీక్ష నడుపుతోంది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి కూడా అందులో ఉంది. 2010 నిలిపివేతతో అందులోనూ టీకాలు వేయడం ఆగి, చాలామంది బాలికలకు ఒక్క డోసే అందింది. ఏళ్ల తరబడి గమనిస్తే ఆ ఒక్క డోసు కూడా గట్టిగా కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసును కూడా ఆమోదించడానికి ఉపకరించిన ఆధారాల్లో ఇదొకటి. ఆ జ్ఞానాన్ని వాడుకోవాల్సిందే. అలాగని దాన్ని చూపించి ఖమ్మం బాకీ తీరిందనడం అన్యాయం. లాభం ప్రపంచానికి దక్కింది, అడగనిది మాత్రం ఈ గూడేల వాళ్లను.

2022లోనే సీరం ఇన్‌స్టిట్యూట్ స్వదేశీ టీకా సెర్వావాక్‌ను ప్రకటించింది. నాటి బాలికలు నేడు పాతికేళ్లు దాటినవాళ్లు. వాళ్ల ఇళ్లలోని ఆడపిల్లలకు టీకా వేయబోయే ఏఎన్ఎం, వైద్యాధికారి, వార్డెన్ ముందు తల్లిదండ్రులను పిలిపించాలి. ఏ రోగానికి, ఎందుకు ఈ వయసులో, వేశాక ఏమవుతుందో కోయ భాషలో చెప్పాలి. 2009లో ఏం జరిగిందని అడిగితే దాచకుండా చెప్పాలి. ఆలోచించుకోవడానికి గడువివ్వాలి. వద్దంటే ఆ మాటను రాసుకుని, మరోసారి వెళ్లి మాట్లాడాలి.