చాటిన ధర్మము – పాటించిన ధర్మము

ప్రజల సమ్మతి లేని ప్రభుత్వమునకు అధికారము లేదన్న సూత్రముపై అమెరికా ప్రజాప్రభుత్వము నిలిచియున్నది. ఈ సూత్రము ఎచ్చట పుట్టినది? దానిని చాటినవారే పాటింపనిచో దానికి విలువ యుండునా? ఈ రెండు ప్రశ్నలను కలిపి విచారింపవలసియున్నది.

మొదటి మూలము ఇంగ్లండు దేశమున కలదు. 1215లో జాన్ రాజు మాగ్నా కార్టాపై తన ముద్ర వేయించి, రాజు సైతము శాసనమునకు లోబడవలసినవాడే యని అంగీకరించెను. పార్లమెంటు సమ్మతి లేక రాజు పన్ను విధింపరాదని 1689 నాటి హక్కుల చట్టము నిర్ణయించెను. ప్రభుత్వము ప్రజల ఒడంబడిక వలన ఏర్పడునని జాన్ లాక్ అను తత్త్వవేత్త ఆ కాలముననే వాదించెను.

రెండవ మూలము అమెరికా నేలమీదనే మొలచినది. 1619 జూలైలో వర్జీనియా వలసవారి ప్రతినిధులు జేమ్స్‌టౌనున సభ తీరిరి. 1620లో మేఫ్లవర్ ఓడపై వచ్చిన 41 మంది పురుషులు, తాము కలిసి చేసికొను శాసనములకు తామే లోబడుదుమని వ్రాసికొనిరి.

అయితే జేమ్స్‌టౌను సభ ముగిసిన కొద్ది వారములకే, అదే వర్జీనియా తీరమున, ఆఫ్రికానుండి చెరపట్టి తేబడిన ఇరువదిమందికి పైగా మానవులు ఆహారపదార్థములకు మారుగా అమ్మబడిరి. మానవులందరు సమానులని 1776లో ప్రకటన రచించిన జెఫర్సన్, తన జీవితకాలమున 600 మందికి పైగా మానవులను దాస్యమున నుంచెను. 1787 నాటి రాజ్యాంగము ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించుటకు అయిదుగురు దాసులను ముగ్గురుగా లెక్కించెను.

కావున ఆ ప్రకటన వట్టి కపటమని కొందరందురు. కాలమట్టిదని మరికొందరు సమర్థింతురు. అన్యాయమునకు గురియైనవారు ఈ రెండు మార్గములను విడిచిరి. 1848లో సెనెకా ఫాల్స్ గ్రామమున కూడిన స్త్రీలు ఆ ప్రకటననే తీసికొని, పురుషులతోపాటు స్త్రీలను గూడ చేర్చి తిరిగి వ్రాసిరి. దాస్యమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, 1852లో ఆ స్వాతంత్ర్యోత్సవమున తనవారికి పాలెక్కడనని నిలదీసెను. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ దానిని ఇంకను చెల్లింపని ఋణపత్రముతో పోల్చెను.

ఆ ఋణము కొంచెము కొంచెముగా చెల్లినది. 1865లో దాస్యము రద్దయ్యెను. 1870లో జాతిభేదము చూపి ఓటు నిరాకరింపరాదని రాజ్యాంగమున చేర్చబడెను. 1920లో స్త్రీలకు ఆ రక్షణ లభించెను. అయినను దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి ఓటు చేతికందుటకు 1965 నాటి చట్టము వరకు వేచియుండవలసివచ్చెను.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినదేమి? పదిమంది యెదుట పలికిన ధర్మము పలికినవాని సొత్తుగా మిగులదు. అది విన్నవారందరికి హక్కగును. ఆచరణలో తప్పినవానిని తప్పక నిందింపవలెను. ఆ నిందలో ధర్మమును గూడ పారవేసినచో బలహీనుడు దేనిని పట్టుకొని న్యాయమడుగును? ప్రజాప్రభుత్వమునకు పునాది వేసినవారిలో, దానిని చాటినవారితోపాటు, ద్వారమువెలుపల నిలువబడి దానిని అడిగినవారిని గూడ లెక్కింపవలెను.